ఖాళీ కడుపు, నిండు బస్సు

బసవరాజన్న మంచివాడని మా డిపోలో ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాట అబద్ధం కాదు. ఇరవై ఏళ్లకు పైగా హిందూపురం నుంచి ధర్మవరానికి పల్లెవెలుగు బస్సు నడిపి ఒక కోడిపిల్లను కూడా తొక్కని మనిషి. ముసలమ్మ చెయ్యెత్తితే స్టాపు లేని చోట కూడా ఆపే మనిషి. అంత మంచివాడు యాభై మందిని వెనకాల కూర్చోబెట్టుకుని చేసిన పని చూశాక నాకు మంచితనం మీదే కోపం వచ్చింది. నేను ఆ బస్సు కండక్టర్ని. పేరు భాగ్యశ్రీ. నోరు పెద్దదని నాకు పేరుంది. ఉండనీ.

ఆయనది గుడిబండ దగ్గర కన్నడం మాట్లాడే చిన్న పల్లె. వాళ్ల నాయన నల్లప్ప గొర్రెలు కాసేవాడు. ఈయన కూడా చిన్నప్పటినుంచీ మంద వెంట తిరిగినవాడే. పొద్దున్నే రాగి అంబలి తాగి, గుడ్డలో సంగటి ముద్దా, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడీ కట్టుకుని పోతే మళ్లీ పొద్దుగూకే ఇల్లు చేరడం. రోజంతా నడిచే కాళ్లకు ఎంత సంగటైనా చాలదు. తర్వాత లారీ క్లీనర్ అయ్యాడు, డ్రైవర్ అయ్యాడు, చివరికి మా డిపోకు వచ్చాడు. నడక ఆగిపోయింది గానీ సంగటి ఆగలేదు. వాళ్లావిడ శంకరమ్మక్క రోజూ క్యారియర్‌లో కొబ్బరికాయంత ముద్దలు రెండు పెట్టి పంపేది. రాగులు షుగర్‌కు మంచివని టీవీలో చెప్పిన రోజు నుంచి మూడో ముద్ద కూడా వచ్చింది. మా వైపు జనానికి రాగులు మంచివంటే చాలు, ఎంత తినాలో ఎవరూ అడగరు.

చివరికి ఎక్కడిదాకా వచ్చిందంటే, మలుపులో స్టీరింగ్ తిప్పితే పొట్ట పోయి హారన్ నొక్కేది. "యా బర్రె అడ్డమొచ్చిందన్నా?" అని నేను వెనక నుంచి అరిచేదాన్ని. "నా బర్రే పాపా" అని పొట్ట తట్టుకునేవాడు. బస్సంతా నవ్వేది. అప్పటికి మా మధ్య అంత చనువు ఉండేది.

నవ్వులు ఆగింది మెడికల్ చెకప్ దగ్గర. డ్రైవర్లకు కొంత వయసు దాటాక చెకప్ తప్పదు. పరీక్ష చేసిన డాక్టరు ఈయన బరువు చూసి, షుగర్ చూసి, మాత్రలు రాసిచ్చి, మళ్లీసారి వచ్చేలోపల రెండూ దిగకపోతే ఫిట్ అని సంతకం పెట్టనని తెగేసి చెప్పాడు. సంతకం లేకపోతే స్టీరింగ్ లేదు. స్టీరింగ్ లేని డ్రైవర్‌కు డిపో గేటు దగ్గర ఒక స్టూలు వేస్తారు. వచ్చే బస్సులకూ పోయే బస్సులకూ చెయ్యి ఊపుతూ కూర్చోవాలి.

"గేటు కాడ కూచోబెడితే నేను బతకను పాపా" అన్నాడు ఆ రోజు పెనుకొండ స్టాండులో. "పుట్టినకాణ్ణుంచి ఏదో ఒకటి తోలతానే ఉండా. ఊరికే కూచునేది నాకు రాదు."

ఆ మాట విని నాకు జాలేసింది. నిజంగానే వేసింది. కోపం అంతా తర్వాత వచ్చింది.

అప్పుడే దిగాడు పవన్. శంకరమ్మక్క తమ్ముడి కొడుకు, బెంగుళూరులో ఉద్యోగం. ఏడాది కింద పీపాలాగా ఉన్నవాడు పుల్లలాగా తయారై వచ్చాడు. ఎలాగని మామ అడిగితే చెప్పాడట. రాత్రి పెందలాడే తినేసి, మర్నాడు మధ్యాహ్నం దాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. పదహారు గంటలు కడుపు ఖాళీగా ఉండాలి. తినే ఎనిమిది గంటల్లోనూ సంగటి, అన్నం, చపాతీ, చక్కెర, ఏవీ కూడదు. గుడ్లు, మాంసం, ఆకుకూరలు, కాసిన్ని చెనిక్కాయలు. అంతే.

ఆ పద్ధతి చెడ్డదని నేననను. పవన్ తగ్గాడు, మా ఆడపడుచు స్వప్న కూడా అలాగే తగ్గింది. కానీ పవన్‌కు షుగర్ లేదు, మాత్రలు లేవు, చేతిలో బస్సు లేదు. ఇవన్నీ ఉన్న మామకు ఆ పిల్లోడు తన చొక్కా విప్పి తొడిగినట్టు ఆ పద్ధతిని అలాగే తొడిగేసి బెంగుళూరు బస్సెక్కాడు. మామా, ఒక్కసారి డాక్టర్ని అడుగు అనే ముక్క నోట్లోంచి రాలేదు.

మొదటి వారం ఏం జరగాలో అదే జరిగింది. పెనుకొండ స్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ వాసన రాగానే మనిషి సీట్లో ఉండలేకపోయాడు. "సంగటి కాదు కదా, బొరుగులే కదా" అని నాకు సర్దిచెప్పి రెండు ప్లేట్లు లాగించాడు. ఇంకో వారం ప్రయత్నించాడు. సోమందేపల్లిలో ఎవరో పెళ్లి లడ్డు ఇస్తే అంతే సంగతులు. ఇక ఈయన తగ్గినట్టేలే అనుకున్నాను.

ఆ తర్వాత ఉన్నట్టుండి మనిషి మారిపోయాడు. ఉగ్గాని వైపు తల తిప్పడు. టీ ఇస్తే తాగడు. మధ్యాహ్నం ధర్మవరం చేరాక గానీ క్యారియర్ తెరవడు. తెరిస్తే అందులో నాలుగు గుడ్లు, ఇంత చుక్కకూర, ఎప్పుడన్నా కోడి ముక్కలు. ప్యాంటు జారిపోతుంటే బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు కొట్టుకున్నాడు. మోకాళ్ల నొప్పులు తగ్గాయన్నాడు. డిపోలో అందరూ శభాష్ అన్నారు. నేనూ అన్నాను. ఇన్నేళ్లు నోరు కట్టుకోలేని మనిషికి ఇంత పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం నాకు అంతుబట్టలేదు.

కొన్నాళ్లకు ఇంకో సంగతి కనబడింది. పొద్దున బస్సు పెనుకొండ చేరేసరికి చొక్కా వీపంతా తడిసి ఉండేది, చలికాలంలో కూడా. చేతులు వణికేవి. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆటోవాళ్లను బండబూతులు తిట్టడం మొదలుపెట్టాడు. ఒకరోజు సోమందేపల్లిలో దిగేవాళ్లు అరుస్తున్నా స్టాపు దాటి చాలా దూరం పోయాడు. ఎందుకాపలేదంటే, ఆపినానే అన్నాడు.

మా అమ్మకూ షుగర్ ఉంది. నాకు అనుమానం వచ్చింది.

"అన్నా, పొద్దున షుగర్ మాత్ర ఏసుకుంటాండావా?"

"ఏసుకోకుండా ఎట్లుంటా? ఒక్క దినం గూడా ఇడవొద్దన్న్యాడు డాక్టరు."

"ఏం తిని ఏసుకుంటాండావు?"

"నీళ్లు తాగి."

"తినకుండా మాత్ర మింగితే షుగర్ పడిపోతాదన్నా. ఈ పస్తుల సంగతి డాక్టరుకు చెప్పినావా లేదా?"

గేరు మార్చాడు. నేను ఎన్నిసార్లు అడిగినా అంతే.

ఇక లాభం లేదని శంకరమ్మక్కకు ఫోన్ చేశాను. ఆమె చాలాసేపు నసిగి, చివరికి గొంతు తగ్గించి చెప్పింది. ఆయన మొక్కుకున్నాడట. పవన్ చెప్పిన తిండి పద్ధతిని కదిరి నరసింహస్వామికి మొక్కుగా కట్టేశాడట. ఫిట్ అని డాక్టరు సంతకం పెట్టేదాకా మధ్యాహ్నం కాకుండా నోట్లో ఏమీ వేయను, సంగటి ముట్టను అని పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల ముడుపు కట్టి దేవుడి పటం దగ్గర పెట్టాడట.

"పదేళ్లప్పటి నుంచి శనివారం ఒక్కపొద్దు ఇడిచినోడు కాదమ్మా" అంది. "నోరు కట్టుకోలేనని ఆయప్పకే తెలుసు. సామికి మొక్కితే మాత్రం తప్పడు. అందుకే ఇట్ల చేసినాడు. మొక్కు బయటికి చెప్తే ఫలం పోతాదంట. డాక్టరుకు గూడా చెప్పకూడదంటాడు. నువ్వు తెలిసినట్టు అనొద్దు."

నాకు తల తిరిగిపోయింది. డైటు అంటే డాక్టరు మార్చమంటే మార్చుకోవచ్చు, మానమంటే మానుకోవచ్చు. మొక్కును ఎవరు మార్చాలి? తిండి మీద లేని అదుపు తెచ్చుకోవడానికి ఈయన దేవుణ్ణి తెచ్చి కాపలా పెట్టుకున్నాడు. ఇప్పుడు ఆ కాపలా దాటాలంటే ఈయనకే భయం. ఇంత తెలివి వేరే ఊరి మనిషికి పుట్టదు.

తెలిసినట్టు అనకుండా ఉండటం నావల్ల కాదు. మర్నాడే అన్నాను. ఆయన ముఖం నల్లబడింది.

"పవను చెప్పిందయితే ఇడిచిపెడతా పాపా. సామికి చెప్పింది ఇడిచిపెట్టలేను."

"పోయేది నీ ఒక్కడి ప్రాణమే అయితే నేనెందుకంటా? ఎనక మేముండాం. సోమవారం డ్యూటీ ఆఫు. డాక్టరు కాడికి పోయి అంతా చెప్పు. చెప్పకపోతే నేను మేనేజరుకు చెప్తా."

"సరే పోతాలే" అన్నాడు. కానీ సోమవారం కంటే ముందు శనివారం వచ్చింది.

పెళ్లిళ్ల సీజను. ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ అయినప్పటి నుంచీ మా బస్సులో కాలు పెట్టడానికి సందుండదు. ఆ రోజు ధర్మవరంలో పట్టుచీరలు కొనేవాళ్లు, పుట్టింటికి పోయేవాళ్లు, చంక బిడ్డలవాళ్లు, అంతా కలిపి బస్సు కిక్కిరిసి ఉంది. పెనుకొండ దాటి హైవే మీద చెన్నేకొత్తపల్లి వైపు పోతున్నాం. నేను వెనకాల సున్నా టికెట్లు కొడుతున్నాను. బస్సు ఎడమకు ఒరిగినట్టయింది. మళ్లీ కుడికి లాగింది. వెనక లారీవాడు హారన్ మీద చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. నేను జనాన్ని తోసుకుంటూ ముందుకు పోయాను.

బసవరాజన్న రెండు చేతులతో స్టీరింగ్ పట్టుకునే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. కన్నడంలో ఏదో గొణుగుతున్నాడు, గొర్రెల్ని అదిలించే మాటలు. చెమట గడ్డం మీద నుంచి కారుతోంది.

"అన్నా, పక్కకు తీయ్" అన్నాను. వినలేదు. భుజం పట్టుకుని ఊపి చెవిలో అరిచాను. ఇన్నేళ్ల అలవాటు ఆ కాళ్లలో ఉన్నట్టుంది, పాదం బ్రేకు మీదకు పోయింది. బస్సు రోడ్డు దిగి, ఎడమ చక్రాలు కంకర మట్టిలో కూరుకుని ఆగింది. నిలబడ్డవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక బిడ్డ నుదురు కమ్మీకి తగిలి బొప్పి కట్టింది. ఇంకో రెండు గజాలు పోయి ఉంటే అక్కడ మోరీ గుంత. నేను ఇంజను ఆపాను. ఆ బిడ్డ ఏడుపుకు నా కోపం ఇంకా పెరిగింది.

ముందు సీట్లో సోమందేపల్లిలో ఎక్కిన ఈరక్క అనే పెద్దామె ఉంది. కూతురింటికని అరటిపండ్ల గెల పెట్టుకుని వచ్చింది. అడక్కుండానే ఒక పండు తెంపి ఇచ్చింది. ఒలిచి ఆయన నోటి దగ్గర పెట్టాను. నోరు బిగించేశాడు. తల అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"పొద్దుండాది... మధ్యాన్నానికి ఇంకా పొద్దుండాది... సామీ" అని గొణుగుడు.

చూడండి ఆ మనిషిని. కళ్లు తేలిపోతున్నాయి, నేనెవరో తెలియడం లేదు, మొక్కు మాత్రం గుర్తుంది. దవడ పట్టుకుని తెరవబోతే తెరుచుకోలేదు. బస్సులో ఏడుపులు, అరుపులు. ఒకడు ఫోన్ పైకెత్తి వీడియో తీస్తున్నాడు. వాణ్ణి తిట్టిన తిట్టు ఇక్కడ రాయలేను.

అద్దం పైన నరసింహస్వామి పటం ఉంది, ఆయనే పెట్టుకున్నది. నాకు ఆ పటం మీద కూడా కోపం వచ్చింది. పండు తీసుకుపోయి పటానికి తాకించాను. మళ్లీ ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఇది ప్రసాదం. ఒక్కపొద్దులో గూడా ప్రసాదం కాదనకూడదు. కాదంటే సామిని కాదన్నట్టే. కాదను సూస్తాం."

నోరు తెరిచాడు.

ఒకటి తిన్నాడు. ఈరక్క ఇంకోటిచ్చింది, పటానికి తాకించి అదీ పెట్టాను. మూడోది తనే అందుకున్నాడు. ఎవరో చక్కెర వేసిన నిమ్మరసం సీసా ఇచ్చారు. కాసేపటికి చెమట ఆగింది, చూపు కుదురుకుంది. చుట్టూ చూశాడు, కిందికి దిగుతున్న జనాన్ని చూశాడు, చివరికి నన్ను చూశాడు. నన్ను చూసి మొట్టమొదట అన్న మాట ఏమిటో తెలుసా?

"సామితో ఆటలాడినావే."

"నువ్వు ఇంతమందితో ఆడినావు. లెయ్యి సీట్లోంచి" అన్నాను.

లేచాడు. రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. డిపోకు ఫోన్ చేసి, వెనక వచ్చిన బస్సుల్లోకి జనాన్ని సర్ది ఎక్కించాను. బిడ్డ తల్లి వెళ్తూ వెళ్తూ ఆయన ముందు ఆగి, బిడ్డ నుదురు చూపించి వెళ్లింది. అప్పుడు మాత్రం తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్లామూ మా ఇంటికి వచ్చారు. ఎందుకొచ్చారో గుమ్మంలోనే తెలిసింది.

"కాలు కొంకర్లు పోయినాదని చెప్పు పాపా" అన్నాడు. "షుగరు మాట ఎత్తొద్దు. సంతకానికి ఇంకా శానా దినాలు లేవు. బరువు గూడా దిగినా. ఇంత చేసి ఇప్పుడు గేటు కాడ కూచోమంటావా?"

"మళ్లీ ఇట్లయితే?"

"కాదు."

"ఎట్ల కాదు? డాక్టరుకు చెప్తావా?"

శంకరమ్మక్క ఏడుపు ఎత్తుకుంది. "నోటికాడి ముద్ద తీస్తాండావు భాగ్యమ్మా. నీకేం అన్యాయం చేసినాము?"

"ఆయప్ప నోటికాడి ముద్ద తీసింది నేను కాదక్కా" అన్నాను. "నువ్వు పసుపు గుడ్డ ఇచ్చినావు, పవను పద్ధతి ఇచ్చినాడు, ఈయప్ప దేవుణ్ణి తెచ్చినాడు. పండు పెట్టింది ఒక్క నేనే. రేపు పొద్దున ఉండేది ఉన్నట్టు చెప్తా. పోండి."

ఇద్దరూ వెళ్లిపోయారు. తలుపు వేసి నేను కూడా ఏడ్చాను, కోపంతోనే. నాకు నిజంగా ఎవరి మీద కోపమో అప్పుడు తెలిసింది. డ్రైవర్ల గదిలో కూర్చుని చూడండి, సగం మంది జేబుల్లో షుగర్ మాత్రలుంటాయి. ఒక్కడూ పైకి చెప్పడు. రోగముందని చెప్తే స్టీరింగ్ పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది. ప్రాణం పోయేది ఎప్పుడో, స్టీరింగ్ పోయేది రేపే. అందుకని దాస్తారు. దాచుకున్నవాణ్ణి మంచివాడంటారు, బయటపెట్టిన దాన్ని గయ్యాళి అంటారు.

చెప్పాను. మేనేజరు ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపాడు. అక్కడ తప్పనిసరై అంతా బయటపడింది. ఆ డాక్టరు ఆయన్ని తిట్టలేదట, అదే నాకు నచ్చలేదు. మాత్ర సగానికి తగ్గించాడు. పస్తులు కట్టిపెట్టమన్నాడు. సంగటి తగ్గించింది మంచిదేననీ, చిన్న ముద్ద తింటే తప్పు లేదనీ చెప్పాడు. ఏం చేసినా ముందు తినాలి, తర్వాత మాత్ర, ఆ తర్వాతే బండి అన్నాడు. బసవరాజన్న కదిరికి పోయి, తప్పు కానుక చెల్లించి, గుండు కొట్టించుకుని వచ్చాడు. వచ్చి గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు.

కొన్ని నెలలు అక్కడే. నేను కుమారస్వామి అనే డ్రైవర్‌తో అదే రూట్లో పోయేదాన్ని. బస్సు గేటు దాటేటప్పుడు ఆయన అందరికీ చెయ్యి ఊపేవాడు, మా బస్సు వస్తే షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగేవాడు. ఆయన వేసుకునేది చెప్పులు. క్యాంటీన్‌లో నేను కూర్చున్న బెంచీ మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. ఆయమ్మే స్టీరింగ్ పీకేసింది అనే మాట నాకు వినబడేలాగే అనేవాళ్లు. అననీ అనుకున్నాను. అనుకున్నంత తేలిక కాదది.

చివరికి షుగర్ కుదురుకుంది. డాక్టరు ఫిట్ అని సంతకం పెట్టాడు. వెంటనే ఆయన మేనేజరు దగ్గరికి పోయి, ఏ కండక్టర్ని అయినా ఇవ్వండి, ఆ యమ్మ మాత్రం వద్దు అన్నాడు. కండక్టర్లు తక్కువ, కావాల్సినవాళ్లను ఏరుకోవడానికి ఇది సంత కాదు అన్నాడట మేనేజరు.

మొదటి రోజు. తెల్లవారి ట్రిప్పు. బస్సు నిండిపోయింది. ఆయన నా ముఖం చూడకుండా ఎక్కాడు, సీటు సర్దుకున్నాడు, ఇంజను స్టార్ట్ చేశాడు. నేను ముందు తలుపు దగ్గర నిలబడ్డాను. రైట్ అంటే కదులుతుంది. నేను అనలేదు.

"ఏం తిన్న్యావు?" అన్నాను.

ఇంజను వైపే చూస్తున్నాడు.

"నిన్నే అన్నా. ఏం తిన్న్యావు?"

"మాత్ర ఏసుకోలా" అన్నాడు, అద్దంలోకి చూస్తూ. "తిన్నాకే కదా ఏసుకునేది. క్యారియర్ తెచ్చుకున్నా. డిపోకు వచ్చి బండి చూసుకునేసరికి టైమయింది. తినేదానికి టైము యాడుండాది? పెనుకొండలో తింటాలే."

మాత్ర వేసుకోకుండా వచ్చాడు. అబద్ధం చెప్పలేదు, దాచలేదు. అయినా నా కోపం తగ్గలేదు. తినడానికి వేళ లేని పని ఇచ్చి, తిన్నావా లేదా అని ఎవరూ అడగని చోట, ఈయన ఒక్కణ్ణి తిట్టి ఏం లాభం? ఎవర్ని తిట్టాలో తెలియక ఇంజను ఆపేయమన్నాను.

"ఈడనే తిను."

"ఇంతమంది ముందరా?"

"ఇంతమంది ముందరే."

వెనక నుంచి కేకలు మొదలయ్యాయి. కాలేజీ పిల్లలకు ఆలస్యమవుతోందట, ఎవరికో ఆస్పత్రి ఉందట. ఏమమ్మా కండక్టరమ్మా, ఎప్పుడు తీస్తారు అని ఒకటే గోల. డ్రైవరు అన్నం తింటున్నాడు, తిన్నాకే బండి అని బస్సంతా వినేలా చెప్పాను. కంప్లైంట్ చేస్తామన్నారు. చేసుకోండన్నాను.

ఆయన క్యారియర్ తెరిచాడు. రెండు గుడ్లు, ఆకుకూర పప్పు, నిమ్మకాయంత సంగటి ముద్ద. మాకు వీపు చూపించి, రోడ్డు వైపు తిరిగి తిన్నాడు. తింటున్నంత సేపూ భుజాలు కదులుతూనే ఉన్నాయి. అది నవ్వో ఏడుపో నేను తొంగి చూడలేదు.

తిన్నాడు. బయట చెయ్యి కడుక్కుని వచ్చాడు. జేబులోంచి సగం మాత్ర తీసి, నాకు కనబడేలా ఎత్తి చూపించి మింగాడు. అప్పుడు రైట్ అన్నాను.